అండమాన్ ఓడ డెక్ మీద నుంచి యుద్ధనౌకలను గుర్తుపట్టడం: చెన్నై రేవు దాటేవారికి సమగ్ర మార్గదర్శి

మా అక్కను పోర్ట్‌బ్లెయిర్‌లో ఇచ్చారు. అందువల్ల రాయపురం నుంచి చెన్నై రేవుకు, అక్కడి నుంచి అండమాన్ ఓడకు నా రాకపోకలు ఏళ్ల తరబడి సాగుతున్నాయి. మా వీధిలో గానీ చుట్టాల్లో గానీ ఎవరు ఆ ఓడ ఎక్కబోతున్నా ముందురోజు నాకు ఫోన్ వస్తుంది. "అన్నా, రేవు దాటేటప్పుడు బూడిదరంగు ఓడలు కనబడతాయి కదా, ఏది ఏమిటో ఎలా తెలుస్తుంది?" ఫోన్లో చెప్తే తెమిలే మాట కాదిది. అందుకే మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను.

ముంబై, కొచ్చిల్లోలాగా ఊరి జనం రోజూ ఎక్కి తిరిగే హార్బర్ ఫెర్రీ చెన్నైలో లేదు. మామూలు టికెట్టుతో రేవు లోపలి నుంచి సముద్రంలోకి వెళ్లే దారి మనకు అండమాన్ ఓడే. క్రూయిజ్ ఓడ ఎక్కేవారికీ ఇదే పద్ధతి పనికొస్తుంది. సుమారు 1,200 కిలోమీటర్ల ప్రయాణం, రెండున్నర నుంచి మూడు రోజులు. అందులో మనం నౌకలను దగ్గరగా చూడగలిగేది రేవు దాటే ఆ కాసేపే. అందుకని పనంతా ఇంట్లోనే మొదలుపెట్టాలి.

ఇంకో సంగతి. నౌక మీది నంబరు చదివి పేరు చెప్పడాన్ని నేను గుర్తుపట్టడం అనను. నంబరు కనబడనంత దూరంలో, ఎదురెండలో, నల్లటి నీడలా ఉన్న ఆకారాన్ని చూసి "ఇది ఫ్రిగేట్ (మధ్యరకం యుద్ధనౌక), అది గస్తీ నౌక" అనగలగాలి. కింద రాసిందంతా ఆ చూపు రావడానికే.

## 1. ముందుగా హద్దులు తెలుసుకోండి

దీన్ని దాటేసి కిందికి వెళ్లకండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టంలో 'నిషిద్ధ ప్రదేశం' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో నౌకాదళ స్థావరాలే కాదు, ప్రభుత్వానికి చెందిన నౌకలు కూడా ఉన్నాయి. రేవు లోపల ఫొటోలు తీయడం కుదరదు. మనది కళ్లతో చేసే పని, కెమెరాతో చేసేది కాదు.

- రేవు గేటు దాటినప్పటి నుంచి ఓడ బయటి సముద్రంలోకి వచ్చేదాకా ఫోన్ జేబులోనే ఉండాలి.
- బైనాక్యులర్ తీసుకెళ్తుంటే తనిఖీలో ముందే చూపించండి. వద్దంటే సంచిలో పెట్టేయండి, వాదించకండి.
- ఏ నౌక ఏ బెర్తులో (ఓడ కట్టే చోటులో) ఉంది, ఎప్పుడు కదిలింది అన్నవి ఎవరికీ పంపకండి, ఎక్కడా పెట్టకండి. నోట్‌బుక్కులో కూడా నౌక రకం, ఆకారం రాసుకుంటే చాలు.
- ఓడ సిబ్బంది "లోపలికి వెళ్లండి" అంటే మారుమాట లేకుండా వెళ్లండి.

ఒకసారి మా మేనల్లుడు రెయిలింగ్ దగ్గర ఫోన్ ఎత్తాడు. సిబ్బందిలో ఒకాయన వచ్చి ఆ వీడియో తీసేయించాడు. తర్వాత వాడి పక్కనే నిలబడి, ఎదుటి నౌక మాస్ట్ (పైకి లేచిన స్తంభం) మీద రాడార్ ఎలా తిరుగుతుందో వేలు పెట్టి చూపించాడు. వీడియో పోయింది గానీ ఆ రాడార్ ఆకారం వాడికి ఇప్పటికీ గుర్తుంది.

## 2. ఇంట్లో చేసుకోవాల్సిన తయారీ: పది అట్టముక్కలు

పెళ్లి శుభలేఖల అట్టలు కత్తిరించి వాడుకున్నా సరే. ఒక్కో అట్ట మీద ఒక్కో నౌక పక్కవాటు ఆకారం గీయండి. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు. కొలత మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి. 20 మీటర్లకు 1 సెంటీమీటరు అనుకోండి. అప్పుడు కంటికి వాటి మధ్య తేడా తెలుస్తుంది. తరగతి అంటే ఒకే నమూనాలో కట్టిన నౌకల జట్టు. డిస్ట్రాయర్ పెద్ద యుద్ధనౌక, ఫ్రిగేట్ దానికన్నా చిన్నది, కార్వెట్ ఇంకా చిన్నది.

- విశాఖపట్నం, కోల్‌కతా తరగతి డిస్ట్రాయర్లు: 163 మీటర్లు, అట్ట మీద 8 సెంటీమీటర్లకు కొంచెం పైన
- నీలగిరి తరగతి ఫ్రిగేట్: 149 మీటర్లు, ఏడున్నర
- శివాలిక్ తరగతి ఫ్రిగేట్: 142 మీటర్లు, ఏడు
- తల్వార్ తరగతి ఫ్రిగేట్: 125 మీటర్లు, ఆరుంబావు
- కమోర్టా తరగతి కార్వెట్: 109 మీటర్లు, ఐదున్నర
- కోరా తరగతి కార్వెట్: 91 మీటర్లు, నాలుగున్నర
- శార్దూల్ తరగతి ల్యాండింగ్ నౌక: 125 మీటర్లు, ఆరుంబావు
- దీపక్ తరగతి ట్యాంకర్: 175 మీటర్లు, ఎనిమిదిముప్పావు
- సంధాయక్ తరగతి సర్వే నౌక: 110 మీటర్లు, ఐదున్నర
- విక్రమ్ తరగతి కోస్ట్ గార్డ్ గస్తీ నౌక: 98 మీటర్లు, ఐదుకు కాస్త తక్కువ

నౌకాదళం విడుదల చేసిన ఫొటోల్లో పక్క నుంచి తీసినవి ఎంచుకుని, వాటిని చూస్తూ గీయండి. ప్రతి బొమ్మలో మూడే విషయాలు పట్టుకోండి: అన్నిటికన్నా ఎత్తైనది ఎక్కడుంది, చదునుగా ఉన్నది ఎక్కడుంది, ఆకాశం కనబడే సందు ఎక్కడుంది. కిటికీలు, పడవలు, రెయిలింగులు వదిలేయండి. దూరం నుంచి అవి ఎలాగూ కనబడవు.

బొమ్మ గీశాక లోపలంతా నల్ల స్కెచ్ పెన్నుతో నింపేయండి. చాలామంది ఈ మెట్టు దగ్గర బద్ధకిస్తారు. ఎదురెండలో నౌక కనబడేది అలా నల్లగానే. రంగు బొమ్మలతో సాధన చేసినవాళ్లు డెక్ మీదికి వచ్చాక తడబడతారు.

రెండు మాటలు కూడా నేర్చుకోండి. ఓడ ముందు కొన అణియం, వెనుక కొన అమరం. మన జాలర్ల పాతమాటలివి, తమిళంలోనూ ఉన్నాయి. "ముందు, వెనక" అంటే పక్కనున్నవారికి ఎవరి ముందో తెలియదు. "అణియం వైపు ఫిరంగి చూడు" అంటే వెంటనే అర్థమవుతుంది. కిందంతా ఈ మాటలే వాడతాను.

విశాఖలో చుట్టాలున్నవారికి మంచి అవకాశం ఉంది. తూర్పు నౌకాదళ కేంద్రం అక్కడే. బీచ్ రోడ్డు మీద నిలబడితే వచ్చేపోయే నౌకలు కనబడతాయి. ఒక సెలవురోజు ఆ అట్టముక్కలు పట్టుకుని అక్కడ కూర్చుంటే చెన్నై రేవులో సగం పని అయిపోయినట్టే.

## 3. సంచిలో ఉండాల్సినవి

- బైనాక్యులర్ 7x50 గానీ 8x42 గానీ. పెద్దదైతే మేలనుకుని 10x పైన తీసుకోకండి. ఓడ ఇంజిన్ అదురుకు బొమ్మ వణికిపోతుంది.
- జేబులో పట్టే నోట్‌బుక్కు, పెన్సిలు. ఉప్పుగాలి తేమకు ఇంకు పాకుతుంది.
- అంచు ఉన్న టోపీ, దాన్ని కట్టుకోవడానికి తాడు.
- నీళ్లు, ఓడ కడుపు తిప్పుతుందనుకుంటే డాక్టరు చెప్పిన మాత్ర. రేవు దాటాక వేసుకుంటే లాభం ఉండదు, ముందే వేసుకోవాలి.
- అట్టముక్కలు, రబ్బరు బ్యాండు.

## 4. ఎక్కడ నిలబడాలి, వెలుతురు ఎటు

నా మొదటి ప్రయాణంలో గంట ముందే వెళ్లి ఎడమ రెయిలింగ్ దగ్గర చోటు పట్టుకున్నాను. టగ్గులు (ఓడను లాగే చిన్న పడవలు) వచ్చి ఓడను మొత్తం తిప్పేశాయి. నౌకలన్నీ కుడివైపుకు పోయాయి, అక్కడ మూడు వరసల జనం. ఆ రోజు ఒక్క మాస్ట్ కొన తప్ప ఏమీ చూడలేదు.

కాబట్టి ముందుగా వైపు ఎంచుకోకండి. పై తెరపు డెక్ మీద అమరం వైపు, రెండు వైపులా నడవగలిగే చోట నిలబడండి. టగ్గు ఏ కొనకు తాడు కట్టిందో గమనించండి. ఓడ తిరగడం ఆగి, దాని అణియం రేవు నోటి వైపు నిలకడగా ఉన్నప్పుడు మీ వైపు తేల్చుకోండి. మన ఓడ మీద సగం తెలుపు, సగం ఎరుపు నిలువు జెండా ఎగిరితే రేవులో దారి చూపే పైలట్ ఎక్కాడని అర్థం. ఇక కదలిక దగ్గర పడినట్టే. తెల్ల చదరం ఉన్న నీలి జెండా ఎగురుతున్న ఓడ ఏదైనా సరే, అది బయల్దేరబోతోంది.

చెన్నైలో సముద్రం తూర్పున ఉంది. పొద్దున పూట ఊరి వైపున్న నౌకల మీద ఎండ నేరుగా పడి బాగా కనబడతాయి. సముద్రం వైపున్నవి నీడల్లా ఉంటాయి. సాయంత్రం సరిగ్గా తలకిందులు. ఎండ పడిన వైపు రంగు, జెండా, నంబరు చూడండి. ఎదురెండ వైపు ఆకారం ఒక్కటే చూడండి. మిట్టమధ్యాహ్నం బయల్దేరితే బూడిదరంగు నౌకల అంచులు ఎండ ఆవిరిలో కరిగిపోతాయి, అప్పుడు మాస్టుల మీదే దృష్టి పెట్టాలి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాన వెలిసిన గంట అన్నిటికన్నా మంచిది. గాలి కడిగినట్టు ఉంటుంది.

## 5. చూసే వరుస: ఏడు మెట్లు

నౌక కనబడగానే కళ్లు నంబరు మీదికి పరుగెత్తుతాయి. ఆపుకోండి. కింది వరుసలోనే వెళ్లండి. అలవాటయ్యాక ఏడు మెట్లూ కలిపి నిమిషం కూడా పట్టదు.

### 5.1 రంగు

బూడిదరంగయితే చాలావరకు నౌకాదళం. తెల్లటి ఓడ పక్కగోడ మీద నీలిరంగు ఏటవాలు పట్టీ, కోస్ట్ గార్డ్ అని పెద్ద అక్షరాలు ఉంటే తీరరక్షక దళం. వీరి తూర్పు ప్రాంతీయ కేంద్రం చెన్నైలోనే ఉంది, అందుకే ఈ రేవులో తెల్ల నౌకలు చూసే అవకాశం బాగా ఉంటుంది. తెల్లగా ఉండి ఆ పట్టీ లేకుండా, పొగగొట్టం లేత పసుపు రంగులో ఉంటే నౌకాదళ సర్వే నౌక అయ్యుండవచ్చు. సముద్రపు అడుగు కొలిచి పటాలు గీసే నౌక అది.

### 5.2 జెండా

రేవులో ఆగి ఉన్న నౌకకు అమరం దగ్గర కర్రకు జెండా ఉంటుంది. పొద్దున 8 గంటలకు ఎత్తి సూర్యాస్తమయానికి దించుతారు. బూడిదరంగు మోసం చేయవచ్చు గానీ జెండా చేయదు.

- తెల్ల జెండా, మూలన మువ్వన్నెలు, పక్కన నీలి అష్టకోణంలో చిహ్నం: భారత నౌకాదళం. 2022 సెప్టెంబరు 2న వచ్చిన జెండా ఇది. పాత ఫొటోల్లో ఎర్రటి అడ్డు నిలువు గీతలు కనబడతాయి, వాటితో పోల్చుకోకండి.
- నీలి జెండా, మూలన మువ్వన్నెలు: కోస్ట్ గార్డ్.
- ఎర్ర జెండా, మూలన మువ్వన్నెలు: మన దేశపు వర్తక నౌక. మీరెక్కిన అండమాన్ ఓడదీ ఇదే.
- మరో దేశపు జెండా: అతిథి నౌక.

మన ఓడ యుద్ధనౌక పక్క నుంచి వెళ్లేటప్పుడు అమరం వైపు జెండాను ఒక కంట కనిపెట్టండి. వర్తక నౌక తన జెండాను సగం దాకా దించి గౌరవం చూపడం, యుద్ధనౌక కూడా దించి ఎత్తి బదులివ్వడం సముద్రం మీది మర్యాద. ప్రతిసారీ జరగదు. జరిగినప్పుడు మాత్రం నాకు ఒళ్లు పులకరిస్తుంది.

### 5.3 పొడవు

నీళ్ల మీద పొడవు అంచనా కట్టడం కష్టం. చెన్నై రేవులో మనకు దేవుడిచ్చిన కొలబద్ద ఒకటుంది: కంటెయినర్లు. పెద్ద కంటెయినర్ పొడవు 40 అడుగులు, అంటే 12.2 మీటర్లు. చిన్నది అందులో సగం. నౌక వెనకో పక్కనో ఒడ్డున కంటెయినర్లు గానీ, ట్రెయిలర్ లారీలు గానీ ఉంటే, ఒక పెద్ద కంటెయినర్ పొడవును బొటనవేలితో కొలిచి, నౌక పొడవునా ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి.

- ఏడున్నర: కోరా తరగతి
- ఎనిమిది: విక్రమ్ తరగతి కోస్ట్ గార్డ్
- తొమ్మిది: కమోర్టా తరగతి
- పది: తల్వార్ తరగతి
- పదకొండున్నర: శివాలిక్ తరగతి
- పన్నెండు: నీలగిరి తరగతి
- పదమూడు దాటితే: డిస్ట్రాయర్, లేదా అంతకన్నా పెద్దది

కంటెయినర్ ఆ నౌకకన్నా వెనక ఉంటే చిన్నగా కనబడుతుంది కాబట్టి లెక్క ఎక్కువ వస్తుంది. ఒకటో రెండో తగ్గించుకోండి. ఒడ్డు ఖాళీగా ఉంటే డెక్ మీద నిలబడిన మనిషిని కొలతగా తీసుకోవాలి. అది అంత నమ్మకమైనది కాదు.

### 5.4 అమరం వైపు డెక్

ఇప్పుడు నౌక వెనుక భాగం చూడండి. చదునైన డెక్, దానికి ఆనుకుని షట్టర్ తలుపున్న గది ఉంటే అది హెలికాప్టర్ డెక్, హ్యాంగర్. వెనుక నుంచి చూసే అవకాశం దొరికితే తలుపులు లెక్కపెట్టండి. డిస్ట్రాయర్లలో, శివాలిక్ తరగతిలో రెండు హెలికాప్టర్లకు చోటుంటుంది. తల్వార్, కమోర్టా తరగతుల్లో ఒక్కదానికే.

హెలికాప్టర్ డెక్ ఉన్నంత మాత్రాన అది పెద్ద యుద్ధనౌక అనుకోకండి. కోస్ట్ గార్డ్ గస్తీ నౌకలకు, సర్వే నౌకలకు, ట్యాంకర్లకు కూడా ఉంటుంది.

### 5.5 మాస్ట్

నాకు ఇష్టమైన మెట్టు ఇది. నౌక వయసు మాస్టులోనే కనబడుతుంది.

ఇనుప కడ్డీల మధ్య ఆకాశం కనబడుతూ, ఎన్నో యాంటెనాలు వేలాడుతూ ఉంటే పాత తరం. నాలుగు వైపులా మూసేసి, కోణాలు చెక్కిన గోపురంలా ఉంటే కొత్త తరం. కోల్‌కతా, విశాఖపట్నం, నీలగిరి తరగతుల్లో ఆ గోపురం నాలుగు ముఖాలకూ పలకల్లాంటి చదునైన రాడార్లు అతికి ఉంటాయి. ఇవి తిరగవు. శివాలిక్ తరగతిలో అవి ఉండవు, మాస్ట్ కొసన తిరిగే రాడార్ కనబడుతుంది. శివాలిక్, నీలగిరి పొడవుల్లో తేడా ఏడు మీటర్లే, డెక్ మీద నుంచి ఆ తేడా కంటికి ఆనదు. ఈ రెండింటినీ విడదీసేది మాస్టే.

నీలగిరి తరగతి నౌకల్లో ఉదయగిరి మనకు మరీ దగ్గరిది. ఆంధ్రప్రదేశ్‌లోని కొండల పేరు దానికి పెట్టారు. 2025 ఆగస్టు 26న విశాఖలో హిమగిరితో కలిపి నౌకాదళంలో చేర్చుకున్నారు.

### 5.6 అణియం వైపు ఫిరంగి

ముందు డెక్ మీద గుండ్రటి టోపీలాంటి గది, దాంట్లోంచి ఒకే ఒక్క గొట్టం: 76 మిల్లీమీటర్ల ఫిరంగి. మన నౌకాదళంలో ఎక్కువగా కనబడేది ఇదే. తల్వార్ తరగతిలో ఫిరంగి గది పెద్దది, కోణాలుగా ఉంటుంది, అది 100 మిల్లీమీటర్లది. కోస్ట్ గార్డ్ విక్రమ్ తరగతిలో 30 మిల్లీమీటర్ల చిన్న తుపాకీ ఉంటుంది, నౌక అంత పొడవున్నా తుపాకీ చిన్నదిగా ఉండటమే గుర్తు.

ఫిరంగికీ నౌకను నడిపే గదికీ (బ్రిడ్జికీ) మధ్య ఏటవాలుగా పైకి లేచిన గొట్టాల కట్టలు ఉండి, నౌక పొట్టిగా ఉంటే కోరా తరగతి కార్వెట్. అవి క్షిపణుల గొట్టాలు. కొత్త డిస్ట్రాయర్లలో, నీలగిరి తరగతిలో క్షిపణులు డెక్ లోపల నిలువు గూళ్లలో ఉంటాయి, పైకి మూతలే. అందుకే అవి ఖాళీగా ఉన్నట్టు కనబడతాయి.

### 5.7 నంబరు, అన్నిటికన్నా చివర

ఇప్పుడు చదవండి. అంకెకన్నా ముందున్న అక్షరం ముఖ్యం.

- ఆర్: విమానవాహక నౌక
- డి: డిస్ట్రాయర్
- ఎఫ్: ఫ్రిగేట్
- పి: కార్వెట్ లేదా గస్తీ నౌక. అక్షరం ఒకటే కాబట్టి 5.6 మెట్టు లేకుండా తేల్చలేరు
- ఎల్: సైన్యాన్ని, బండ్లను ఒడ్డున దించే ల్యాండింగ్ నౌక
- ఎ: ట్యాంకర్ వంటి సహాయక నౌక
- జె: సర్వే నౌక
- టి: చిన్న వేగపు గస్తీ పడవ

కోస్ట్ గార్డ్ నౌకలకు అక్షరం ఉండదు, అంకె ఒక్కటే. అమెరికా యుద్ధనౌకలకు కూడా అంకె ఒక్కటే, కానీ రంగు బూడిద.

పేరును బట్టి ఊరు ఊహించకండి. డి65 ఐఎన్‌ఎస్ చెన్నై, డి66 ఐఎన్‌ఎస్ విశాఖపట్నం. రెండూ నవంబరు 21నే దళంలో చేరాయి, ఒకటి 2016లో, ఒకటి 2021లో. రెండూ పడమటి నౌకాదళానివే. "చెన్నై రేవులో ఉంది కాబట్టి ఐఎన్‌ఎస్ చెన్నై" అన్న మాట నేను చాలాసార్లు విన్నాను.

## 6. ఎక్కువగా పడే పొరపాట్లు, సర్దుకోవడం ఎలా

బూడిదరంగున్న ప్రతి ఓడా యుద్ధనౌకే అనుకోవడం. 2022 ఆగస్టులో అమెరికా నౌకాదళానికి చెందిన ఛార్లెస్ డ్రూ అనే సరుకు నౌక మరమ్మతుకు చెన్నైకి ఉత్తరాన కాట్టుపల్లిలోని ఎల్ అండ్ టీ యార్డుకు వచ్చింది. బూడిదరంగే, భారీ నౌకే, కానీ పోరాడే నౌక కాదు. పొగగొట్టం మీద నీలం, బంగారు రంగు పట్టీలు దాని వర్గానికి గుర్తు. విరుగుడు: ఫిరంగి కనబడేదాకా 'యుద్ధనౌక' అనకండి. డెక్ నిండా క్రేన్లు, గొట్టాల స్తంభాలు ఉంటే అది ఇంధనమో సరుకో అందించే నౌక.

కార్ల ఓడను విమానవాహక నౌక అనుకోవడం. చెన్నై నుంచి కార్లు ఎగుమతి అవుతాయి. కార్ల ఓడ మూసేసిన పెద్ద పెట్టెలా నిలువు గోడలతో ఉంటుంది. విమానవాహక నౌకకు పైన చదును డెక్, ఒక పక్కన మాత్రమే మేడ. విక్రాంత్ పొడవు 262 మీటర్లు, పెద్ద కంటెయినర్లు ఇరవై ఒకటిన్నర.

పరిశోధక నౌకను నౌకాదళంలో కలిపేయడం. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకు సాగర్ నిధి వంటి నౌకలున్నాయి. అమరం వైపు నీళ్లలోకి పరికరాలు దించే పెద్ద ఇనుప చట్రం ఉంటుంది. జెండా చూస్తే తేలిపోతుంది.

కాట్టుపల్లి వైపు కొత్త నౌక చూసి దళంలో ఉన్నదే అనుకోవడం. అక్కడ నౌకలు కడతారు కూడా. విక్రమ్ తరగతి కోస్ట్ గార్డ్ నౌకలు, సర్వే నౌకల్లో నిర్దేశక్, జలాంతర్గాములను వేటాడే చిన్న నౌక అర్ణాల ఆ యార్డులో రూపుదిద్దుకున్నవే. దళంలో చేరని నౌకకు నౌకాదళ జెండా ఉండదు.

ఏటవాలుగా ఉన్న నౌకను పొట్టిదని తేల్చడం. ఇది నేను కూడా చాలాకాలం చేశాను. అణియం మన వైపు తిరిగి ఉంటే 163 మీటర్ల నౌక కూడా 90 లాగా అనిపిస్తుంది. విరుగుడు: మాస్టుకూ పొగగొట్టానికీ మధ్య సందు చూడండి. సందు మూసుకుపోయి ఒకదాని వెనక ఒకటి ఉంటే, పొడవు లెక్క అప్పుడే వేయకండి. మన ఓడ కదులుతూనే ఉంటుంది, మీరు కాసేపు ఓపిక పడితే సందు తెరుచుకుంటుంది.

తోరణాలు చూసి ఇంకేదో అనుకోవడం. జనవరి 26, ఆగస్టు 15, డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం వంటి రోజుల్లో అణియం నుంచి మాస్ట్ మీదుగా అమరం దాకా రంగురంగుల సంకేత జెండాలు కడతారు. అది అలంకారం. పూర్తిగా ఎర్రటి జెండా ఒక్కటే విడిగా ఎగురుతుంటే మాత్రం ఇంధనమో మందుగుండో ఎక్కిస్తున్నారని అర్థం.

## 7. రేవు నోరు దాటాక

బ్రేక్‌వాటర్ (అలలను ఆపే అడ్డుగోడ) దాటగానే జనం లోపలికి వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి. బయట లంగరేసిన ఓడల వరుస ఇప్పుడే మొదలవుతుంది. రెయిలింగ్ కూడా ఖాళీ అవుతుంది.

లంగరు మీదున్న ఓడలన్నీ గాలికో ప్రవాహానికో ఎదురుగా దాదాపు ఒకే వైపు తిరిగి ఉంటాయి. ముందు ఆ వైపు ఏదో చూసుకోండి, అప్పుడు ఏ కోణంలో చూస్తున్నారో తెలుస్తుంది. వర్తక ఓడల మేడ దాదాపు ఎప్పుడూ అమరం మీద ఉంటుంది. మేడ మధ్యలోకి జరిగి, రెండు వైపులా మెట్లలా దిగుతూ ఉన్న ఆకారం కనబడితే బైనాక్యులర్ దాని మీద నిలపండి. అణియం ఎత్తుగా, మొద్దుగా ఉండి, మేడ వెనక్కి ఉన్న బూడిద నౌకయితే శార్దూల్ లాంటి ల్యాండింగ్ నౌక కావచ్చు. ఒడ్డుకు ఆనినప్పుడు దాని అణియం తలుపులు తెరుచుకుని బండ్లు దిగుతాయి.

తిరుగు ప్రయాణంలో బెర్తు ఖాళీ లేక మన ఓడ కూడా బయట లంగరేసి ఆగడం మామూలే. తోటివారంతా విసుక్కుంటారు. నాకు మాత్రం అదే మంచి సమయం. ఓడ అదురు ఉండదు, చేయి వణకదు, ఒకే నౌకను అరగంట చూడవచ్చు.

## 8. రాసుకునే తీరు

చూస్తూ రాయకండి. చూసింది మనసులో పెట్టుకుని, నౌక వెనకబడ్డాక రాయండి. ఒక్కో నౌకకు ఒక్క వరస చాలు: రంగు, జెండా, పొడవు కంటెయినర్లలో, అమరం డెక్, మాస్ట్, ఫిరంగి, అక్షరం. తెలియని గడిలో గీత పెట్టండి, ఊహతో నింపకండి. పక్కన అరచేతిలో సగం సైజు నల్లబొమ్మ గీయండి.

క్యాబిన్‌కు వచ్చాక అట్టముక్కలు తీసి పోల్చండి. ఏ మెట్టు దగ్గర తప్పారో అట్ట వెనక రాసుకోండి. నా శివాలిక్ అట్ట వెనక "మాస్ట్ చూడు" అని నాలుగుసార్లు రాసి ఉంది.

పిల్లలతో వెళ్తే మెట్లు పంచుకోండి. మా అక్క కూతురికి జెండాలు, మేనల్లుడికి ఫిరంగులు, నాకు మాస్టులు. ముగ్గురం చెప్పింది కలిపితే తప్పు దొర్లడం తగ్గింది. పిల్ల జెండా నీలం అని చెప్పాక నేను బూడిదరంగు అని వాదించి లాభం లేదు, ఆమె చెప్పిందే నిజమైంది.

## 9. పోర్ట్‌బ్లెయిర్ చేరేటప్పుడు

మూడో రోజు రెండో అవకాశం వస్తుంది. పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది, ఓడ మీద జనం ఇంకా పాతపేరే అంటున్నారు. సైన్యం, నౌకాదళం, వైమానికదళం ఒకే కమాండు కింద పనిచేసే స్థావరం అది. కాబట్టి 1వ భాగంలోని హద్దులన్నీ ఇక్కడా వర్తిస్తాయి.

ఇక్కడ చిన్న నౌకలు కూడా చూడవచ్చు. ఎల్51 నుంచి ఎల్58 దాకా అంకెలున్న ల్యాండింగ్ పడవలకు ఇదే సొంత రేవు. ఒక్కోటి 60 మీటర్లకు కాస్త పైన, చదునైన ముందు డెక్, వెనక్కి నెట్టిన మేడ. టి అక్షరంతో 48 మీటర్ల కార్ నికోబార్ తరగతి గస్తీ పడవలూ తిరుగుతుంటాయి. ఇవి ప్రొపెల్లర్‌తో కాకుండా నీటి ధారను వెనక్కి చిమ్మి పరుగెడతాయి, అందుకే అమరం వెనక నురగ పైకి లేస్తుంది. ఆ నురగే వాటి గుర్తు.

రాస్ దీవి (2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవి) కనబడగానే డెక్ మీదికి వచ్చేయండి. సామాను ముందురాత్రే సర్ది పెట్టుకోండి. ఓడ మలుపు తిరిగి రేవులోకి వెళ్లేదాకా కుడి ఎడమలు రెండూ చూడాల్సి వస్తుంది, అప్పుడు చేతిలో సంచి ఉండకూడదు.